లైసెన్సు బోర్డుకూ ఒక గడువు తేదీ: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టెక్సాస్ నుంచి వచ్చినవే. వృత్తి లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర బోర్డులు ఉండాలో వద్దో తేల్చడానికి అక్కడి శాసనసభ జరిపే ‘సన్‌సెట్’ సమీక్ష గురించి చాలామంది అడిగారు. ఒకే సందేహాన్ని పదిమంది అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం. పాఠకుల పేర్లు ఇవ్వడం లేదు, ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ప్లేనోలో ఒక సెలూన్‌లో పనిచేస్తున్నాను. మాకు లైసెన్సు ఇచ్చే శాఖను కూడా సన్‌సెట్ కింద పరిశీలిస్తారట. శాఖను ఎత్తేస్తే మన లైసెన్సులన్నీ చిత్తుకాగితాలే అని తోటివాళ్లు భయపెడుతున్నారు. అసలు ఈ సమీక్ష ఏమిటి? (ప్లేనో)

సమాధానం: ముందు మీ భయం సంగతి చెబుతాను అమ్మా. శాఖ పేరు మారినా, మరో శాఖలో కలిసినా, మీరు కష్టపడి సంపాదించుకున్న లైసెన్సు మామూలుగా అలాగే ఉంటుంది. పునరుద్ధరణ సమయంలో వచ్చే కాగితం మీద పైన ఉన్న పేరు మాత్రం మారుతుంది. ఇది ఊహ కాదు. మీ వృత్తికే ఒకప్పుడు విడిగా కాస్మెటాలజీ కమిషన్ ఉండేది. 2005లో దాన్ని రద్దుచేసి, ఆ పనిని టీడీఎల్‌ఆర్ అని అందరూ పిలిచే లైసెన్సింగ్, నియంత్రణ శాఖకు అప్పగించారు. అప్పటికే లైసెన్సు ఉన్నవారు తమ పని తాము చేసుకుంటూనే ఉన్నారు. ఆ టీడీఎల్‌ఆర్ కూడా ఇదే సమీక్షకు లోనై 2021లో కొనసాగింపు పొందింది. మంగలి వృత్తికీ కాస్మెటాలజీకీ వేర్వేరుగా ఉన్న చట్టాలను ఆ సందర్భంలోనే ఒకటిగా కలిపారు.

ఇక సమీక్ష విషయం. టెక్సాస్‌లో ఒక బోర్డును ఏర్పరచిన చట్టాన్ని తెరిచి చూస్తే, మొదట్లోనే ఒక చిన్న నిబంధన ఉంటుంది. శాసనసభ కొనసాగించకపోతే ఈ బోర్డు ఫలానా సంవత్సరం సెప్టెంబరు 1న రద్దవుతుందని దాని సారాంశం. పొద్దు గుంకినట్టు సంస్థ గడువు తీరిపోతుంది కాబట్టి దీనికి సూర్యాస్తమయం పేరు పెట్టారు. అమెరికాలో ఈ పద్ధతిని 1976లో మొదట చట్టంగా చేసింది కొలరాడో. టెక్సాస్ మరుసటి ఏడాది, 1977లో అందుకుంది. తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి గాని, కొన్నింటికి ఆ శ్రమ భారమై వదిలేశాయి. టెక్సాస్ వదల్లేదు. సుమారు 130 సంస్థలు, సాధారణంగా పన్నెండేళ్లకు ఒకసారి చొప్పున, ఈ వాకిలి దాటి రావలసిందే.

సమీక్ష జరిపే సంఘంలో పన్నెండుమంది ఉంటారు: అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, ఇద్దరు సామాన్య పౌరులు. బోర్డు మొదట తన గురించి తానే ఒక నివేదిక రాసి ఇవ్వాలి. తర్వాత సంఘం సిబ్బంది నెలల తరబడి ఆ బోర్డు దస్త్రాలు తిరగేస్తారు. ఫిర్యాదు వచ్చిన రోజుకూ తీర్పు చెప్పిన రోజుకూ మధ్య ఎంతకాలం గడిచింది, ప్రవేశ పరీక్షలో అడిగేదానికీ చేసే పనికీ సంబంధం ఉందా, ఇదే పనిని మరో శాఖ చేస్తోందా, ఇంతకంటే తేలికైన నియమంతో ప్రజలకు అదే రక్షణ దొరుకుతుందా అని చూస్తారు. సిబ్బంది నివేదిక బయటికి వచ్చాక బహిరంగ విచారణ, ఆ పైన సంఘం సిఫార్సు, చివరికి శాసనసభలో బిల్లు.

ఇందులో కీలకం ఆ తేదీ. ఏ ప్రభుత్వ సంస్థనైనా మూసేయాలంటే ఎవరో ఒకరు పూనుకుని బిల్లు తేవాలి, పోట్లాడాలి, నెగ్గాలి. ఇక్కడ వ్యవహారం తలకిందులు. ఎవరూ ఏమీ చేయకపోతే బోర్డు పోతుంది. అది నిలబడాలంటేనే ఎవరైనా పూనుకోవాలి. అందుకే ఇరవై ఏళ్లుగా తలుపు తీయని అధికారి కూడా సమీక్ష ఏడాదిలో ఫోను ఎత్తుతాడు. ఒకవేళ నిజంగానే రద్దయినా, లెక్కలు సర్దుకోవడానికి చట్టం మరో ఏడాది గడువు ఇస్తుంది. రాత్రికి రాత్రి తాళం పడదు.

ప్రశ్న: దారంతో కనుబొమలు తీయడానికి కూడా ఒకప్పుడు 750 గంటల శిక్షణ కావాలన్నారని, ఇప్పుడు ఆ లైసెన్సు అక్కరలేదని మా పిన్ని చెప్పింది. ఆ మార్పు సన్‌సెట్ సమీక్ష వల్లనే వచ్చిందా? (హ్యూస్టన్)

సమాధానం: కాదు. కోర్టు వల్ల వచ్చింది. కానీ ఈ కథ తెలిస్తే సమీక్ష బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

త్రెడింగ్ ఎలా చేస్తారో మన ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో ఏ పార్లరులోనైనా కనిపించే దృశ్యమే: నూలు దారం ఒక కొస పళ్ల మధ్య, రెండో కొస వేళ్లకు, మధ్యలో మెలిక, ఆ మెలిక కత్తెరలా ముందుకూ వెనక్కూ కదులుతుంటే వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడి వస్తాయి. మైనం లేదు, రసాయనం లేదు, కత్తి లేదు. మాల్‌లో చిన్న బడ్డీ, ఒక కుర్చీ, ఒక దారపు రీలు ఉంటే చాలు. దక్షిణాసియా నుంచి వెళ్లిన స్త్రీలు చాలామందికి అమెరికాలో మొదటి సంపాదన ఇదే.

టెక్సాస్ అధికారులు దీన్ని కాస్మెటాలజీ కింద లెక్కవేసి, ముఖ చర్మ సంరక్షణకు ఇచ్చే ఎస్తెటీషియన్ లైసెన్సు ఉండాలని పట్టుబట్టి, లేనివారికి జరిమానా నోటీసులు ఇచ్చారు. ఆ లైసెన్సుకు 750 గంటల శిక్షణ, రెండు పరీక్షలు. అశీష్ పటేల్ అనే వ్యాపారి, మరికొందరు పనివారు కలిసి 2009లో కోర్టుకు వెళ్లారు. వారి వాదన సూటిగా ఉంది: వేలకు వేలు కట్టి బడికి వెళ్తే అక్కడ ఫేషియలూ వ్యాక్సింగూ నేర్పుతారు, దారం పని చాలా బడుల్లో నేర్పనే నేర్పరు, లైసెన్సు పరీక్షలో దాన్ని అడగరు. మరి మేము కట్టే ఫీజు ఎవరి రక్షణ కోసం?

2015 జూన్ 26న టెక్సాస్ సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యంతో వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ 750 గంటల్లో దాదాపు 320 గంటలకు త్రెడింగ్ చేసేవారి పనితో సంబంధం లేదని లెక్క తేలింది. పరిశుభ్రత గురించి కొన్ని గంటలు నేర్చుకోమనడంలో తప్పులేదు గాని, సంబంధం లేని భారం ఇంత మోపడం ఆ రాష్ట్ర రాజ్యాంగం హామీ ఇచ్చిన స్వేచ్ఛకు విరుద్ధమని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. అదే ఏడాది జడలు అల్లే పనికి ఉన్న లైసెన్సును శాసనసభ ఒక చట్టంతో ఎత్తేసింది. ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు దానికోసం ఏళ్ల తరబడి పోరాడారు.

ఇప్పుడు అసలు మాట. కాస్మెటాలజీ కమిషన్ 2005లోనే రద్దయిందని పైన చెప్పాను. సంస్థ పోయింది, నియమాలు మాత్రం మూటగట్టినట్టుగా కొత్త శాఖకు చేరాయి. ఇల్లు మారినంత మాత్రాన సామాను తగ్గదు కదా. సంస్థకు గడువు పెట్టడం ఒక ఎత్తు, ప్రతి నియమాన్నీ విప్పి చూడడం ఇంకో ఎత్తు. మొదటిది సన్‌సెట్ తప్పకుండా చేస్తుంది. రెండోది ఎవరైనా వచ్చి అడిగినప్పుడే జరుగుతుంది. దారం పని చేసుకునే స్త్రీలు కోర్టుదాకా వెళ్లవలసి రావడానికి కారణం, అంతకుముందు వారి తరఫున అడిగినవారు లేకపోవడమే అని నా అభిప్రాయం.

ప్రశ్న: అయితే ఈ లైసెన్సుల గోలంతా ఎందుకు? పనిమంతుడి దగ్గరికి జనం వెళ్తారు, చేతకానివాడి దగ్గరికి మానేస్తారు. బోర్డులన్నీ ఎత్తేయవచ్చు కదా? (శాన్ ఆంటోనియో)

సమాధానం: మీ మాటలో కొంత నిజం లేకపోలేదు. అమెరికా అధ్యక్ష భవనం 2015లో వెలువరించిన ఒక నివేదిక ప్రకారం, 1950ల తొలినాళ్లలో పనిచేసేవారిలో అయిదు శాతం లోపే రాష్ట్ర లైసెన్సు అవసరమైనవారు. ఆ నివేదిక నాటికి ఆ వాటా నాలుగో వంతు. లూసియానా రాష్ట్రంలో పూల దుకాణం నడిపేవారికి లైసెన్సు ఉండేది. 2010 వరకు దానికోసం పూలగుత్తి కట్టి చూపించే పరీక్ష కూడా పెట్టేవారు, మార్కులు వేసేది అప్పటికే లైసెన్సు ఉన్న పూలవర్తకులు. కడియం నర్సరీల రైతులకు ఈ సంగతి చెబితే నవ్వుకుంటారు.

కానీ టెక్సాస్‌లోనే న్యూ లండన్ అనే ఊరు ఉంది. 1937 మార్చి 18న అక్కడి బడిలో జరిగింది కూడా తెలుసుకోవాలి. బడివారు ఖర్చు తగ్గించుకోవడానికి చమురు క్షేత్రం నుంచి వృథాగా పోయే గ్యాసును తమ గొట్టాలకు కలుపుకున్నారు. ఆ గ్యాసుకు రంగూ లేదు, వాసనా లేదు. లీకై నేల కింద నిండింది. పనిముట్ల తరగతిలో ఉపాధ్యాయుడు ఒక యంత్రం మీట నొక్కగానే నిప్పురవ్వ లేచి భవనమంతా ఎగిరిపోయింది. దాదాపు 300 మంది, అందులో ఎక్కువమంది పిల్లలు, చనిపోయారు. గ్యాసుకు ఘాటైన వాసన కలపాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది. ఇంజనీర్లకు లైసెన్సు ఉండాలన్న టెక్సాస్ చట్టం కూడా ఆ ఏడాదిదే.

చేతకానివాడిని జనం మానేస్తారన్న మీ సూత్రం కనుబొమల విషయంలో సరిపోతుంది. వంకరగా వచ్చిన కనుబొమ మూడు వారాల్లో పెరుగుతుంది, ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ వెళ్లరు. గ్యాసు గొట్టం విషయంలో మళ్లీ వెళ్లకపోవడానికి మనిషి మిగలాలి. పైగా నష్టపోయేది ఆ పనివాణ్ణి ఎంచుకున్నవారు కాదు, పక్కగదిలో పాఠం వింటున్న పిల్లలు. సమీక్ష జరిపేవారు అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ పనిలో తప్పు జరిగితే అది సరిదిద్దుకోగలిగినదా కాదా, దాని నష్టం ఎవరి మీద పడుతుంది?

కొలరాడో దీనికి ఇంకో మెట్టు ముందే పెట్టింది. 1985 నుంచి అక్కడ కొత్తగా ఏ వృత్తికి లైసెన్సు కావాలన్నా ముందు ‘సూర్యోదయ’ సమీక్ష జరుగుతుంది. ప్రజలకు జరిగిన హాని ఏమిటో రుజువులతో చూపాలి. విచిత్రమేమిటంటే, మా వృత్తికి లైసెన్సు పెట్టండి మహాప్రభో అని అర్జీ పెట్టేది సాధారణంగా వినియోగదారులు కాదు, ఆ వృత్తిలో ఉన్నవారే. లోపల ఉన్నవాడికి తలుపు వేసి ఉంటేనే హాయి.

ప్రశ్న: 2019లో టెక్సాస్ ప్లంబింగ్ బోర్డు రద్దయిందన్నారు, మళ్లీ ఉందంటున్నారు. మా అన్నయ్య ఆ ఏడాదే జర్నీమన్ (శిష్యరికం పూర్తిచేసిన ప్లంబరు) పరీక్షకు సిద్ధమయ్యాడు, వారం రోజులు నిద్రపోలేదు. నిజంగా ఏం జరిగింది? (ఇర్వింగ్)

సమాధానం: జర్నీమన్ అర్హతకు 8,000 గంటల పని అనుభవం చూపాలి, అంటే సుమారు నాలుగేళ్లు. అంత చేశాక బోర్డే ఉండదంటే ఎవరికి నిద్ర పడుతుంది?

జరిగింది ఇది. సమీక్ష సంఘం ఆ బోర్డు పనితీరు చూసి, దాన్ని విడిగా ఉంచనక్కరలేదు, టీడీఎల్‌ఆర్‌లో కలపవచ్చు అని సిఫార్సు చేసింది. ప్లంబర్ల సంఘాలు గట్టిగా ఎదిరించాయి. ప్లంబింగ్ తెలియనివారి చేతికి ప్లంబింగ్ అప్పగిస్తారా అన్నది వారి వాదన. ప్రత్యేక సమావేశాలు పిలిస్తే తప్ప, టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో మాత్రమే, అదీ 140 రోజులే సమావేశమవుతుంది. చివరి రోజుల్లో ఆ బిల్లు ప్రతినిధుల సభలో వీగిపోయింది. కలపడమూ జరగలేదు, కొనసాగించడమూ జరగలేదు. దాంతో చట్టంలోని తేదీ తన పని తాను చేసింది. బోర్డుకే కాదు, ప్లంబింగ్ లైసెన్సు చట్టానికే గడువు తీరే పరిస్థితి వచ్చింది.

జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబ్బట్ ఒక ఉత్తర్వు జారీచేశారు. 2017 నాటి హార్వే తుపాను విపత్తు ఇంకా ముగియలేదని, దెబ్బతిన్న ఇళ్లు బాగుచేయడానికి లైసెన్సున్న ప్లంబర్లు కావాలని చెప్పి, విపత్తు అధికారాలను వాడి బోర్డును 2021 మే నెలాఖరు వరకు నిలిపారు. ఆ ఏడాది శాసనసభ దాన్ని 2027 వరకు కొనసాగించింది. కనుక మీ అన్నయ్య పరీక్ష పరీక్షగానే, లైసెన్సు లైసెన్సుగానే ఉన్నాయి.

ఆ ఉత్తర్వు సరైనదేనా అన్నది వేరే చర్చ. ఇళ్లు కట్టేవారికీ కొనేవారికీ అది అవసరమే. కానీ నిజంగా గడువు తీరనివ్వకపోతే గడువు అన్న మాటకు విలువేమిటని అడిగేవారిని నేను తప్పుపట్టలేను. పశువైద్యుల బోర్డు విషయంలో 2023లో నడిమధ్య మార్గం ఒకటి పట్టారు: బోర్డును ఉంచుతూనే, నాలుగేళ్లపాటు పరిపాలనకు టీడీఎల్‌ఆర్ కింద పెట్టారు. రోగికి ఆపరేషన్ చేసేముందు పత్యం పెట్టినట్టు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో డాక్టరు. 2017లో అక్కడి మెడికల్ బోర్డే పోయే పరిస్థితి వచ్చిందని విన్నాను. నిజమేనా? మన దేశంలో ఇలాంటి సమీక్ష ఉందా? (హైదరాబాద్)

సమాధానం: నిజమే. 2017 మేలో సమావేశాలు ముగిసేనాటికి మెడికల్ బోర్డుతో సహా అయిదు బోర్డులను కొనసాగించే బిల్లు గట్టెక్కలేదు. మిగిలిన నాలుగు మనస్తత్వ నిపుణులు, కుటుంబ సలహాదారులు, కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలవి. ఆ బోర్డులు అనవసరమని ఎవరూ అనలేదు. వాటితో ఏ సంబంధమూ లేని వేరే బిల్లుల మీద రెండు సభల నాయకత్వాల మధ్య పట్టుదలలు పెరిగి, తప్పనిసరిగా నెగ్గవలసిన ఈ బిల్లు మధ్యలో చిక్కుకుంది. గవర్నర్ జులై 18 నుంచి ప్రత్యేక సమావేశం పిలిచాక, రెండేళ్ల పొడిగింపు వచ్చింది. తర్వాత 2019లో మెడికల్ బోర్డుకు పూర్తి కొనసాగింపు ఇచ్చి, మిగిలిన నాలుగింటిని ఒకే మండలి గొడుగు కిందికి తెచ్చారు. గడువు తేదీ అధికారిని మేల్కొలుపుతుందని పైన మెచ్చుకున్నాను. అదే తేదీ రాజకీయ బేరసారాల్లో తాకట్టు వస్తువు కూడా అవుతుంది.

మన దేశంలో క్యాలెండరు ప్రకారం జరిగే సమీక్ష లేదు. మనకు గొడవ ముదిరాక జరిగే సమీక్షే ఉంది. 1956 చట్టం కింద నడిచిన భారత వైద్య మండలిని 2010లో అవినీతి ఆరోపణల నేపథ్యంలో పక్కనపెట్టి పాలకమండలిని నియమించారు. తర్వాత పాత మండలి మళ్లీ వచ్చింది. 2016 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం దాని పనితీరును తీవ్రంగా తప్పుపట్టింది. 2018లో మళ్లీ పక్కనపెట్టారు. చివరికి 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ అమల్లోకి వచ్చింది. ఒక్క మండలిని మార్చడానికి పదేళ్లు పట్టింది. మన రాష్ట్ర వైద్య మండళ్లకూ ఫార్మసీ మండళ్లకూ ఫలానా తేదీకి సంజాయిషీ చెప్పాలన్న నిబంధన ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ప్రశ్న: నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష) రాసి, టెక్సాస్ లైసెన్సు తెచ్చుకున్నాను. మావారికి అట్లాంటా బదిలీ అయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? ఈ సమీక్షలు మాలాంటివారికి ఏమైనా మేలు చేశాయా? (డెంటన్)

సమాధానం: పరీక్ష మళ్లీ రాయనక్కరలేదు. టెక్సాస్, జార్జియా రెండూ నర్సుల లైసెన్సు ఒప్పందంలో ఉన్న రాష్ట్రాలే. అంటే ఒక రాష్ట్రం ఇచ్చిన బహుళ రాష్ట్ర లైసెన్సుతో మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ పనిచేయవచ్చు. అయితే ఆ లైసెన్సు మీ శాశ్వత నివాసంతో ముడిపడి ఉంటుంది. కాపురం మారినప్పుడు కొత్త రాష్ట్రంలో 60 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. ఇంకో మెలిక ఉంది: బహుళ రాష్ట్ర లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి. మీ దగ్గర ఉన్నది టెక్సాస్‌కే పరిమితమైన లైసెన్సా, బహుళ రాష్ట్ర లైసెన్సా అన్నది ముందు చూసుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. కాలిఫోర్నియా ఈ ఒప్పందంలో లేదు, అటు వెళ్తే దారి వేరు.

మేలు జరిగిందా అంటే, జరిగింది. ఈ ఒప్పందపు కొత్త రూపంలో టెక్సాస్ చేరింది 2017లో, నర్సింగ్ బోర్డు సన్‌సెట్ బిల్లు ద్వారానే. ఫిజియోథెరపిస్టుల ఒప్పందంలోకి కూడా ఆ సమావేశాల్లోనే అడుగుపెట్టింది. ఇవికాక వార్తల్లోకి ఎక్కని చిన్న మార్పులు ఉన్నాయి. ప్రతి కాగితానికీ నోటరీ ముద్ర ఎందుకు, ‘మంచి నడవడిక’ ఉండాలన్న నియమాన్ని ఏ కొలబద్దతో కొలుస్తారు అని సమీక్ష సిబ్బంది బోర్డు తరవాత బోర్డును అడుగుతూ, వాటిని తీసేయమని సిఫార్సు చేస్తూ వస్తున్నారు. పరాయిదేశంలో తెలిసినవారు లేని మనిషికి ఒక్క నోటరీ ముద్ర తగ్గడం కూడా తక్కువ ఉపశమనం కాదు.

ప్రశ్న: ఈ విచారణల్లో మాలాంటి సామాన్యులు మాట్లాడవచ్చా? నాకు ఇంకా గ్రీన్ కార్డు కూడా రాలేదు. మాట్లాడినా వింటారా? (రౌండ్ రాక్)

సమాధానం: మాట్లాడవచ్చు. ఓటు హక్కు ఉన్నవారే రావాలన్న నియమం లేదు. ఆస్టిన్‌లోని క్యాపిటల్ భవనంలో జరిగే విచారణకు వెళ్లి, సాక్షి పత్రం నింపి ఇస్తే, మీ వంతు రాగానే కొన్ని నిమిషాలు ఇస్తారు. వెళ్లలేకపోతే రాసి పంపవచ్చు. సిబ్బంది నివేదిక తయారవుతున్న నెలల్లో, అంటే విచారణకు చాలా ముందే పంపితే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఏ ఫైలు తెరవాలో వారు అప్పుడే నిర్ణయించుకుంటారు.

వింటారా అన్న మీ అనుమానానికి కారణం ఉంది. ఆ గదిలో సాధారణంగా నిండి ఉండేది లైసెన్సు ఉన్నవారు, వారి సంఘాల ప్రతినిధులు. బోర్డుల్లో కూర్చునేదీ ఎక్కువగా ఆ వృత్తివారే. నార్త్ కరొలినా దంతవైద్యుల బోర్డులో ఎనిమిదిమంది సభ్యులుంటే ఆరుగురు దంతవైద్యులు, ఒకరు పళ్లు శుభ్రం చేసే నిపుణులు, ఒక్కరే వినియోగదారు. మాల్స్‌లో తక్కువ ధరకు పళ్లు తెల్లబరిచేవారు కనిపించగానే ఆ బోర్డు, ఆపేయమంటూ నలభైకి పైగా ఉత్తరాలు పంపింది. వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని పోటీని అణచడంగా భావించి చర్య తీసుకుంది. 2015 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో కమిషన్‌ను సమర్థించింది. వ్యాపారంలో ఉన్నవారే మెజారిటీగా ఉన్న బోర్డుమీద రాష్ట్రం నిజంగా కన్నేసి ఉంచకపోతే, పోటీ చట్టాల నుంచి దానికి రక్షణ దొరకదని తేల్చింది. దాని ప్రభావంతోనే టెక్సాస్ 2019లో, అలాంటి బోర్డులు చేసే నియమాలను ముందుగా పరిశీలించే విభాగాన్ని గవర్నర్ కార్యాలయంలో పెట్టింది.

కాబట్టి రాసేటప్పుడు అన్యాయం, వివక్ష అంటూ పెద్ద మాటలతో మొదలుపెట్టకండి. దరఖాస్తు ఏ తేదీన పంపారు, మొదటి జవాబు ఎన్ని వారాలకు వచ్చింది, ఒకే సర్టిఫికెట్‌ను ఎన్నిసార్లు అడిగారు, విజయవాడ కాలేజీ నుంచి సీలు వేసిన కవరు తెప్పించడానికి ఎంత ఖర్చయింది, ఆ మధ్యలో మీకు పోయిన ఉద్యోగం ఏమిటి అన్నవి వరసగా ఒకే పేజీలో రాయండి. జవాబుల ప్రతులు జతచేయండి. మీతోపాటు అదే బోర్డు దగ్గర తిరిగినవారు మరో ఇద్దరు ఉంటే, ఒకే ఉత్తరం మీద మూడు సంతకాలు వద్దు. ఎవరి అనుభవం వారు విడివిడిగా పంపండి.